సత్తు ఒక్క ఇంటి రుచి కాదు

వంటింటి ఉత్తరాలు: పాఠకుల ప్రశ్నలకు హనుమకొండ నుంచి జవాబులు

బతుకమ్మ దగ్గరపడుతోంది కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సత్తు గురించే, అంటే గింజలు వేయించి పట్టిన తీపి పిండి గురించే. పచ్చళ్ల మీద, వడియాల మీద వచ్చిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఆపి, చోటంతా సత్తుకే ఇచ్చాను. మిగతా పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది నర్సంపేట పక్కన ఒక పల్లె. పెళ్లయ్యాక భివండి వచ్చేశాం. మా ఆయన మరమగ్గాల పనిలో ఉన్నారు. బతుకమ్మ అనగానే నాకు పూలకన్నా ముందు సత్తే గుర్తొస్తుంది. చీకటి పడ్డాక చెరువు గట్టున అరచేతుల్లో పోసేవారు. ఒక్క పిడికిట్లోనే మక్కలది, పెసలది, పల్లీలది, నువ్వులది కలిసిపోయి ఉండేది. పోయిన ఏడాది ఊరి నుంచి వస్తూ నాలుగు రకాల సత్తు ప్యాకెట్లు కొనుక్కొచ్చాను. నాలుగూ ఒకేలా ఉన్నాయి, తీపి తప్ప ఏమీ తెలియలేదు. ఇంట్లో మిక్సీలో పట్టి చూశాను, అదీ కుదరలేదు. అడుగుదామంటే అమ్మ లేదు. ఆ రుచి ఇంక రాదా?
— ఒక పాఠకురాలు, భివండి

జవాబు: వస్తుందమ్మా. అయితే మీరొక్కరే కూర్చుని చేస్తే రాదు. మీరు మిక్సీని అనుమానిస్తున్నారు. దాని తప్పు కొంత ఉంది, చెబుతాను. కానీ అసలు లోటు అక్కడ లేదు.

ఒకే పిడికిట్లో నాలుగు పిండ్లు ఉండేవని రాశారు. గుర్తు చేసుకోండి, ఆ నాలుగూ మీ అమ్మగారు చేసినవేనా? అయి ఉండవు. మన వైపు ఏ ఇంట్లోనూ అన్ని రకాల సత్తు చేసేవారు కాదు. ఒక్కో ఇల్లు ఒకటి చేసేది, మహా అయితే రెండు. పిల్లల చేతిలోకి వచ్చేసరికి అది వాడంతటి సత్తు అయ్యేది. మీరు వెతుకుతున్నది ఆ కలయిక.

నేను పద్మాక్షి గుట్ట దాపున పెరిగాను. గుట్ట కింది గుండంలో బతుకమ్మలను సాగనంపి, పసుపు గౌరమ్మను పుస్తెలకు రాసుకున్నాక, ఆడవాళ్లు మెట్ల మీద కూర్చుని స్టీలు డబ్బాల మూతలు తీసేవారు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం అని వాళ్లు ఒకరికొకరు ఇచ్చుకోవడం పూర్తయ్యేదాకా పిల్లలం చేతులు చాపకూడదు. ఆ తర్వాత ఎవరి డబ్బా ముందు నిలబడినా కాదనేవారు లేరు. ఎవరింట్లో ఏ గింజ ఉంటే అదే సత్తు. ధర్మసాగర్ వైపు పొలం ఉన్నవాళ్లది మక్క సత్తు. కిరాణా కొట్టు వాళ్లది పుట్నాల పిండి. అందులో ఎండుకొబ్బరి తగిలేది, బెల్లం బదులు చక్కెర వేసేవారు కాబట్టి పొడిపొడిగా ఉండేది. మూలింటి అక్క ఏటా నువ్వులే చేసేది. వాళ్లకు పాడి ఉండేది, నెయ్యి ధారాళంగా పోసేది. మా ఇంట్లో నాయనమ్మ చేతి పెసర సత్తు. వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ రేషను దొడ్డు బియ్యాన్నే దోరగా వేయించి, ఇసుర్రాయిలో విసిరి, నల్ల బెల్లం కలిపి తెచ్చేది. దానిలో నెయ్యి లేదు, యాలకులు లేవు. నాకు అన్నింటిలోకీ అదే ఇష్టం. మాడీ మాడని బియ్యపు వాసన ముందు వచ్చేది, పంటి కింద సన్నటి పలుకు తగిలేది, బెల్లం ఆఖరున తెలిసేది.

తినడంలో మాకొక వరస ఉండేది. నువ్వుల డబ్బా దగ్గరికి చివర వెళ్లాలి. ముందే వెళ్తే ఆ నూనె నాలుక మీద పరుచుకుని పెసల కమ్మదనం తెలియనివ్వదు. పైగా అరచేతికి జిడ్డు అంటుకుంటే తర్వాత పోసిన పిండి అంతా దానికే అతుక్కుంటుంది. అందుకని మొదట బియ్యం, తర్వాత మక్క, పెసర, పుట్నాలు, ఆపైన పల్లీ, చివరికి నువ్వులు. ఇది ఎవరూ నేర్పలేదు, పెద్ద పిల్లలను చూసి చిన్నవాళ్లకు అబ్బింది. మగపిల్లలు కూడా ఆ సమయానికి ఎక్కడున్నా వచ్చి చేరేవారు.

బతుకమ్మ రోజుల్లోనే ఇన్ని రకాలు ఎందుకంటే, అది గింజ ఇంటికొచ్చే కాలం. వానాకాలం పంటలో పెసలు ముందు వస్తాయి, వెనకే మక్కలు, నువ్వులు. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి ఆశ్వయుజ అష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా గౌరమ్మకు పెట్టేవి చూడండి. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు, చివరి రోజు రకరకాల సద్దులు. అలిగిన బతుకమ్మ నాడు మాత్రం ఏమీ పెట్టరు. మిగిలినదంతా చేలోంచీ పాడిలోంచీ వచ్చిందే. సత్తు కూడా ఆ వరసలోదే.

ఇక ప్యాకెట్ల సంగతి. అన్నీ ఒకేలా ఉన్నాయన్నారు, నాకూ అలాగే అనిపించింది. చక్కెర ఎక్కువ పోస్తారు, గింజ రుచి దాని కింద మునిగిపోతుంది. అన్నింట్లోనూ యాలకుల పొడి వేస్తారు. యాలకులు పుట్నాల పిండికి అందం, బియ్యం సత్తుకు ఫరవాలేదు. పెసర సత్తులో, నువ్వుల సత్తులో వేస్తే మాత్రం ఆ గింజకు ఉన్న వాసనే పోతుంది. నా మాట వినండి, ఆ రెండింట్లో యాలకులు వేయకండి. మూడో సంగతి, వేయించిన గింజ వాసన నిలవ ఉండదు. పల్లీల్లో, నువ్వుల్లో సగానికి దగ్గరగా నూనె ఉంటుంది. పొడి చేశాక ఆ నూనెకు గాలి తగిలి కొద్ది వారాల్లోనే చిక్కు వాసన మొదలవుతుంది. పండుగకు రెండు రోజుల ముందు చేసి, పండుగ అయిన వారంలోపు అవగొట్టే పదార్థాన్ని కొట్లో నెలల తరబడి నిలబెడితే ఇంకేం మిగులుతుంది?

చేసే పద్ధతి చెబుతాను. ఏ గింజను దానికదే వేయించాలి, కలిపి వేయించకూడదు. ఒక్కోదానికి పట్టే సమయం వేరు. పెసలు పొట్టుతోనే తీసుకోండి. మందపాటి మూకుడులో సన్నని మంట మీద, చెయ్యి ఆపకుండా కలుపుతూ వేయించాలి. పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వంటింటి గడప దాటినప్పుడు దించాలి. రంగు చూసి దించుదామనుకుంటే పచ్చని పొట్టు మోసం చేస్తుంది. ఒక గింజ కొరికి చూడండి, లోపల పప్పు లేత గోధుమ రంగులోకి తిరిగి, పటుక్కున విరగాలి. వెంటనే వెడల్పు పళ్లెంలో పోసి పూర్తిగా ఆరనివ్వండి. వేడి మీదే పిండి పడితే ఆవిరికి ముద్దకడుతుంది. బియ్యమైతే కడిగి, నీడన ఆరబెట్టి, గింజ ఉబ్బి తెల్లబడి అక్కడక్కడ ఎర్రని మచ్చ వచ్చేదాకా వేయించాలి. ఈ పిండిని మళ్లీ ఉడికించేది లేదు, పొడిగానే తింటాం. వేయించడంలో తొందరపడితే పచ్చిపిండి పొట్టలో బరువు చేస్తుంది.

ఇక మిక్సీ. ఇసుర్రాయి పిండిని బరకగా, రకరకాల పరిమాణాల్లో ఇస్తుంది. మిక్సీ అంతా మెత్తన చేస్తుంది, వేడెక్కిస్తుంది కూడా. కాబట్టి ఒక్కసారిగా తిప్పకండి. కొంచెం కొంచెం గింజ వేసి, తిప్పి ఆపి, తిప్పి ఆపి పట్టండి. జల్లించాక మిగిలిన రవ్వను మళ్లీ మెత్తగా పట్టకుండా, మరీ పెద్ద ముక్కలు తీసేసి, అందులో నాలుగో వంతు పిండిలోనే కలిపేయండి. మీరు చిన్నప్పుడు తిన్న పలుకు అదే. గ్లాసు పిండికి బెల్లం తురుము అర గ్లాసు మించకూడదు. బెల్లం ముందుగా ఎండలో కాసేపు పెట్టి తురిమితే తడి తగ్గి బాగా కలుస్తుంది. చివర రెండు చెంచాల కరిగిన నెయ్యి వేసి, చేత్తో నలుపుతూ కలపండి. చెంచాతో కలిపితే బెల్లం ఉండలు ఉండిపోతాయి.

ఇవన్నీ చేసినా, ముందే చెప్పాను, ఒక్కరి చేతి సత్తు ఒక్క రుచే. మీరున్నది భివండి. భివండి, సూరత్, షోలాపూర్‌లకు మన ప్రాంతపు పద్మశాలీ కుటుంబాలు తరాలుగా వెళ్లి స్థిరపడ్డాయి. మీ వీధిలోనే సిరిసిల్ల వాళ్లు, జగిత్యాల వాళ్లు ఉండే ఉంటారు. పండుగకు పది రోజుల ముందే వెళ్లి మాట్లాడండి. మీరు పెసర పట్టుకోండి, ఒకరిని మక్క చేయమనండి, ఇంకొకరిని నువ్వులు. చేతనైనవాళ్లు అన్నీ చేస్తామంటారు, ఒప్పుకోకండి. ప్రతి ఇంటి నుంచీ ఒకే రకం రావాలి, ఎవరి బెల్లం పాళ్లు వాళ్లవే ఉండాలి, ఒకరి కొలత ఇంకొకరికి ఇవ్వవద్దు. ఒకరిది తీపెక్కువ, ఒకరిది కొంచెం మాడింది, ఒకరిది నెయ్యి ఎక్కువైంది, ఇవన్నీ కలిస్తేనే మీరు రాసిన ఆ పిడికిలి.

ఇక్కడ కూడా ఇది తగ్గుతోంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు జరిగే ఆట చూసి నేను ఏటా పొంగిపోతాను. కానీ అంత జనంలో డబ్బా మూత తీసి పక్కన నిలబడ్డ తెలియని పిల్ల చేతిలో పిండి పోసేవాళ్లు తక్కువైపోయారు. ఇది నాకు బాధ కలిగిస్తుంది. ఈ ఉత్తరం చదివే ప్రతి అక్కకూ, చెల్లికీ చెబుతున్నాను, ఈసారి డబ్బా కాస్త పెద్దది తీసుకెళ్లండి.

ప్రశ్న: తొలి ఏకాదశికి మా ఇంట్లో పేలాల పిండి చేస్తాం. బతుకమ్మకు చేసే మక్క సత్తు, అది ఒకటేనా? మా అమ్మ మక్కలను ఉడుకు ఇసుకలో వేసి పేలాలు చేసేది. నేను అలాగే ప్రయత్నిస్తే సగం గింజలు పేలకుండా నల్లబడ్డాయి. మక్కలు మా చేనువే.
— ఒక రైతు, జమ్మికుంట

జవాబు: రెండూ అన్నదమ్ములే. ఆషాఢ శుద్ధ ఏకాదశికి చేసేది పేలాల పిండి, జొన్నలతో గానీ మక్కలతో గానీ చేస్తాం, బెల్లం కలుపుతాం. బతుకమ్మ నాటి మక్క సత్తు కొందరు పేలాలతో చేస్తారు, కొందరు గింజను వేయించి పిండి పడతారు. పేలాలతో చేసిందే తేలిగ్గా ఉంటుంది, నోట్లో ఇట్టే కరుగుతుంది. నా ఓటు దానికే.

గింజ పేలాలంటే లోపల తేమ ఉండాలి, పైన గట్టి పొర ఉండాలి. వేడికి ఆ తేమ ఆవిరై, పొర పట్టి ఉంచినంతసేపు ఒత్తిడి పెరిగి, దాదాపు 180 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా పగులుతుంది. అప్పుడు లోపలి పిండి ఉడికి విచ్చుకుంటుంది. పేలాల రకం మక్కలో తేమ నూటికి 13, 14 పాళ్లు ఉంటే బాగా పేలుతుంది. మీరు చేనులో వేసేది కోళ్ల దాణాకు, పిండి మిల్లులకు వెళ్లే సంకర రకమై ఉంటుంది. దాని పొర ఆవిరిని అంతగా పట్టి ఉంచదు, కొన్ని గింజలు విచ్చుకుంటాయి, మిగతావి పగులుతాయి గానీ పొంగవు. మీ చేతి తప్పు ఏమీ లేదు.

రెండు పనులు చేయండి. ఇసుకను బాగా కాలనివ్వండి. ఒక గింజ వేస్తే లెక్కపెట్టేలోపు ఎగరాలి. గింజలు గుప్పెడు గుప్పెడే వేయండి. ఎక్కువ వేస్తే ఇసుక చల్లారి, గింజ పేలకముందే ఎండి మాడుతుంది. మక్కలు మరీ ఎండిపోయి ఉంటే, ముందురోజు రాత్రి పిడికెడు నీళ్లు చిలకరించి, గుడ్డలో మూటకట్టి ఉంచండి. జొన్నలకు కూడా ఇదే ఉపాయం. పేలాల రకం మక్కలు బజారులో దొరుకుతాయి, మీ మక్కలకు మూడో వంతు అవి కలుపుకున్నా పిండి తేలికవుతుంది. పేలని గింజలను పారేయకండి. అవి బాగా వేగినవే, విడిగా బరకగా పట్టి అందులో కలపండి. ఆ కరకర వేరు. ఇసుకను మాత్రం రెండుసార్లు జల్లించండి, ఒక్క రేణువు పంటి కింద పడ్డా తిన్నదంతా వృథా.

ప్రశ్న: అక్కా, మాది మంచిర్యాల, ఉద్యోగం హైదరాబాదులో. నువ్వుల సత్తు చేస్తే చేదు వచ్చింది, పైగా మిక్సీలో ముద్దయిపోయింది. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: నువ్వుల పొట్టులోనే సహజంగా కొంత చేదు ఉంటుంది. ఎక్కువ వేగితే అది పైకి వస్తుంది. మొదటి చిటపటలు వినగానే మంట ఆపి, ఆ మూకుడు వేడికే ఇంకాస్త వేగనివ్వాలి, వెంటనే పళ్లెంలోకి మార్చాలి. చేదు అసలు వద్దనుకుంటే పొట్టు తీసిన తెల్ల నువ్వులు తీసుకోండి, కానీ రుచి కొంచెం పలచబడుతుంది. నేనైతే పొట్టు ఉన్నవే వాడతాను.

ముద్ద అవడానికి కారణం నూనె. నువ్వులు పూర్తిగా చల్లారాక, ఒక గ్లాసు నువ్వులకు పావు గ్లాసు వేయించిన పుట్నాలు గానీ బియ్యం సత్తు గానీ కలిపి మిక్సీలో వేయండి. ఆ పొడి నూనెను పీల్చుకుంటుంది. రెండు మూడు తిప్పులు చాలు. బెల్లం బయటే కలపండి. ముద్దయిపోయినదాన్ని పారేయనవసరం లేదు, బెల్లం తురుము చేర్చి ఉండలు కట్టండి.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. మా అమ్మ సత్తు తినిపిస్తానంటుంది, నాకు పొలమారుతుందేమోనని భయం. చిన్నప్పుడు మేము నోటినిండా సత్తు పోసుకుని ఎవరు ముందు పాట అందుకుంటారో పందెం కట్టేవాళ్లం. ఎంత దగ్గు వచ్చేదో నాకింకా గుర్తే.
— ఒక తండ్రి, పెద్దపల్లి

జవాబు: ఆ పందెం మేమూ కట్టాం నాయనా. తలుచుకుంటే నాకు ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. పొడిపిండి ఊపిరితో పాటు లోపలికి పోతే ప్రమాదమే. మీ భయం సరైనదే. అమ్మగారి కోరిక కూడా న్యాయమైనదే. మూడేళ్ల పిల్లవాడికి పొడిగా పెట్టకండి. నెయ్యి కాస్త ఎక్కువ వేసి మెత్తని ముద్ద చేసి చిటికెడు చిటికెడుగా పెట్టండి, లేదా గోరువెచ్చని పాలలో జావలా కలపండి. కూర్చోబెట్టి పెట్టాలి, పరుగెత్తేటప్పుడు, నవ్వేటప్పుడు వద్దు. అయిదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు గింజగా ఇవ్వకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. పల్లీ సత్తులో ముక్కలు లేకుండా జల్లించండి. పల్లీలు, నువ్వులు మొదటిసారి పెడుతుంటే చాలా కొంచెం పెట్టి, ఒంటి మీద దద్దుర్లు గానీ మరేదైనా తేడా గానీ వస్తుందేమో చూడండి. పెసర, బియ్యం సత్తుతో మొదలుపెట్టడం మేలు.

ప్రశ్న: సద్దుల బతుకమ్మకు మలీద చేయమని మా అత్తగారు అన్నారు. మాది ఖమ్మం వైపు, మాకు అలవాటు లేదు. మలీద, సత్తు ఒకటేనా? అడిగితే నవ్వుతారేమోనని మీకు రాస్తున్నాను.
— కొత్త కోడలు, హుజూరాబాద్

జవాబు: ఎవరూ నవ్వరమ్మా, నేరుగా ఆవిడనే అడగండి. అత్తగారికి సంతోషం కలుగుతుంది, వాళ్లింటి పాళ్లు ఆవిడకే తెలుసు. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. సత్తుకు గింజను వేయించి పిండి చేస్తాం. మలీదకు రొట్టె చేసి దాన్ని నలుపుతాం. జొన్న రొట్టె గానీ సజ్జ రొట్టె గానీ, లేదంటే గోధుమ రొట్టె గానీ కొంచెం మందంగా కాల్చి, వేడి తగ్గకముందే చిన్న ముక్కలుగా తుంచి, బెల్లం వేసి అరచేతులతో గట్టిగా నలపాలి. రొట్టె వేడికి బెల్లం కరిగి అంతటా పట్టుకుంటుంది. చల్లారిన రొట్టెతో చేస్తే బెల్లం ఒకవైపు, రొట్టె ఒకవైపు ఉండిపోతాయి. పైన నెయ్యి వేసి ఉండలు కట్టండి. రెండు రొట్టెలకు నిమ్మకాయంత బెల్లం సరిపోతుంది. రొట్టెలో తడి ఉంటుంది కాబట్టి సత్తులా వారం నిలవ ఉండదు. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రమే, బతుకమ్మను పేర్చడం పూర్తయ్యాక మొదలుపెట్టండి, చెరువుకు బయలుదేరే వేళకు అయిపోతుంది.